డిస్పెన్సర్ తెర మీద ఒకే అంకె, బయటి కాటా మీద వేరే తూకం: ఎక్కడ వెతకాలి

రీలోడింగ్, అంటే వాడిన తూటాల్లో మళ్లీ పౌడర్ (తుపాకీ మందు) నింపి తూటాలు తయారుచేసుకోవడం. ఒక తూటాకు పోసే పౌడర్‌ను ఛార్జి అంటారు, దాన్ని గ్రెయిన్లలో (ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు) తూస్తారు. క్రోనోగ్రాఫ్ తూటా వేగం కొలిచే పరికరం. ఆ పని చేసే ఒకరి ప్రశ్న ఇది: "ఎలక్ట్రానిక్ పౌడర్ డిస్పెన్సర్‌లో 41.5 గ్రెయిన్లు సెట్ చేశాను. తెర మీద ప్రతిసారీ 41.5 అనే చూపిస్తోంది. అదే ఛార్జిని ఇంకో కాటా మీద పెడితే 41.3 నుంచి 41.8 దాకా ఊగుతోంది. క్రోనోగ్రాఫ్‌లో వేగాలు కూడా నిలకడగా లేవు. రెండుసార్లు కాలిబ్రేట్ చేసినా మార్పు లేదు. మెషీన్ పాడైందా?"

పాడైందని ఇప్పుడే అనుకోకండి. ముందు మీ మెషీన్ ఎలా పనిచేస్తుందో ఒకసారి విడదీసి చూద్దాం. డిస్పెన్సర్ చూడటానికి ఒకటే పెట్టె కానీ లోపల ఉన్నవి రెండు యంత్రాలు. ఒకటి పోసేది: హాపర్ (పౌడర్ నింపే పాత్ర), మోటారు, తిరిగే గొట్టం. రెండోది తూచేది: పాన్ కింద ఉన్న కాటా. పోసే భాగానికి సొంతంగా ఏమీ తెలియదు. కాటా ఆగమన్నప్పుడు ఆగుతుంది, అంతే. ఆగిన తర్వాత తెర మీద అంకె చూపించేదీ ఆ కాటాయే. ఇప్పుడు ఆ కాటా జీరో, అంటే అది సున్నాగా లెక్కపెట్టుకునే చోటు, 0.2 గ్రెయిన్లు పక్కకు జరిగిందనుకోండి. మోటారు 0.2 తేడాతోనే ఆగుతుంది, తెర మీద మాత్రం శుభ్రంగా 41.5 కనిపిస్తుంది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు. అందుకే తెర మీద ప్రతిసారీ ఒకే అంకె రావడం ఛార్జి నిలకడగా ఉందనడానికి సాక్ష్యం కాదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా వెతుకులాట చాలా సులువవుతుంది.

మీ రెండో కాటా సరైనదేనని కూడా ముందే నమ్మేయకండి. రెండు కాటాల మధ్య తేడా వచ్చినప్పుడు ఏది తప్పో ఆ రెండిటినీ చూసి చెప్పలేం. మూడో సాక్షి కావాలి. అది చెక్ వెయిట్, అంటే బరువు కచ్చితంగా తెలిసిన తూకపు రాయి.

చాలామంది దగ్గర డిస్పెన్సర్‌తో పాటు వచ్చిన 50 గ్రాముల కాలిబ్రేషన్ రాళ్లు మాత్రమే ఉంటాయి. వాటితో కాలిబ్రేట్ చేస్తే కాటా కొలత నిష్పత్తి సరిపడుతుంది. మీ సమస్య అది కాదు. నిష్పత్తిలో 0.1 శాతం తప్పు ఉన్నా 41.5 గ్రెయిన్ల దగ్గర అది 0.04 గ్రెయిన్, పైగా ప్రతిసారీ ఒకే వైపు ఉంటుంది. ఛార్జికీ ఛార్జికీ మధ్య అర గ్రెయిన్ ఊగిసలాటకు అది కారణం కాలేదు. అందుకే రెండుసార్లు కాలిబ్రేట్ చేసినా మీకు మార్పు కనిపించలేదు. ఊగేది జీరో.

41.5 గ్రెయిన్లు అంటే దాదాపు 2.69 గ్రాములు. 2 గ్రాములు, 500 మిల్లీగ్రాములు, 200 మిల్లీగ్రాముల చిన్న రాళ్లు కలిపితే 2.7 గ్రాములు, అంటే 41.67 గ్రెయిన్లు. మీ ఛార్జికి పక్కనే ఉంది. తూకపు రాళ్లకు కచ్చితత్వాన్ని బట్టి తరగతులుంటాయి, ఎఫ్1 తరగతి రాళ్లు దొరికితే తీసుకోండి. ఆ తరగతిలో 2 గ్రాముల రాయికి అనుమతించిన తేడా 0.12 మిల్లీగ్రామే. ఎమ్1 తరగతిలో అదే రాయికి 1.2 మిల్లీగ్రాములు, అంటే సుమారు 0.02 గ్రెయిన్. 0.1 గ్రెయిన్ చూపించే కాటాకు ఎమ్1 కూడా చాలు. రాళ్లను చేత్తో ముట్టుకోకుండా పట్టకారుతో పట్టుకోండి.

ఇప్పుడు అసలు పరీక్ష. హాపర్‌లో పౌడర్ లేకుండా, మోటారు తిరగకుండా, ఖాళీ పాన్ పెట్టి జీరో చేయండి. పాన్‌లో రాళ్లు పెట్టి అంకె రాసుకోండి. పాన్ మొత్తం ఎత్తి, మళ్లీ పెట్టి, అంకె రాసుకోండి. ఇలా పదిసార్లు చేయండి. మధ్యలో జీరో బటన్ నొక్కకండి, ఎంత మనసు పీకినా సరే. అదే రాళ్లతో రెండో కాటా మీద కూడా చేయండి. పదిసార్లూ 41.6, 41.7 మధ్యే ఉంటే ఆ కాటా నమ్మదగినదే. రాళ్ల అసలు విలువ 41.67 కాబట్టి 0.1 చొప్పున చూపించే తెర ఆ రెండిటి మధ్య మారడం సహజం. అంతకన్నా ఊగితే పౌడర్ గురించి, గొట్టం గురించి ఆలోచించడం ఆపి కాటా సంగతి చూడాలి.

రోజువారీ పనికి ఇంకో సులువైన కొలమానం ఉంది. పాన్ పెట్టి జీరో చేశాక, ఆ పాన్‌ను ఎత్తేస్తే తెర మీద మైనస్ అంకె వస్తుంది. అది పాన్ బరువు. ఒక కాగితం మీద రాసి కాటా పక్కన అతికించండి. ఛార్జి తూకం అయ్యి పాన్ ఎత్తిన ప్రతిసారీ ఆ మైనస్ అంకె కనిపిస్తుంది. అది మారలేదంటే జీరో కదల్లేదు. 0.1 మారితే గమనిస్తూ ఉండండి. 0.2 మారితే ఆ ఛార్జిని హాపర్‌లో తిరిగి పోసి, జీరో చేసి మళ్లీ తీయండి. దీనికి ఖర్చు లేదు, అదనంగా పట్టే సమయం లేదు. రీలోడింగ్ మొదలుపెట్టిన ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే.

జీరో ఎందుకు కదులుతుంది? ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, మీ సమస్య ఎక్కువగా ఇక్కడే ఉందని నా అనుమానం.

మామూలు డిస్పెన్సర్లలో ఉండేది స్ట్రెయిన్ గేజ్ లోడ్ సెల్. ఒక లోహపు దిమ్మ బరువుకు అతి కొద్దిగా వంగుతుంది, దాని మీద అతికించిన సన్నని తీగల నిరోధం మారుతుంది, ఆ మార్పును కాటా బరువుగా లెక్కేస్తుంది. ఆ మార్పు చాలా చిన్నది. లోహానికీ ఎలక్ట్రానిక్స్‌కూ వేడి తగిలినా అంతే మార్పు వస్తుంది. ఆన్ చేసిన వెంటనే లోపలి భాగాలు వేడెక్కుతూ ఉంటాయి కాబట్టి మొదటి అరగంట జీరో నడుస్తూనే ఉంటుంది. కనీసం 30 నిమిషాలు ఆన్‌లో ఉంచి, ఆ తర్వాతే కాలిబ్రేట్ చేయండి. నేనైతే గంట ఉంచుతాను. చల్లటి గదిలోంచి తెచ్చి వెచ్చటి గదిలో పెట్టిన మెషీన్‌కు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. పని మధ్యలో ఏసీ ఆన్ చేయడం, కిటికీలోంచి ఎండ నేరుగా మెషీన్ మీద పడటం కూడా ఇదే గొడవ తెస్తాయి.

గాలి సంగతి అందరికీ తెలుసు కానీ దాని బలాన్ని తక్కువ అంచనా వేస్తారు. 0.1 గ్రెయిన్ అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. ఫ్యాన్ గాలి వెడల్పాటి పాన్ మీద అంతకంటే ఎక్కువ ఒత్తిడి తేగలదు. ఫ్యాన్ ఆపండి. ఏసీ గాలి తగలని చోట పెట్టండి. మూత ఉంటే వాడండి.

స్థిర విద్యుత్తు ఇంకా మాయదారిది. పొడి వాతావరణంలో ప్లాస్టిక్ పాన్, ప్లాస్టిక్ హాపర్, మీ చొక్కా అన్నీ ఛార్జ్ అవుతాయి. ఆ విద్యుత్తు పాన్‌ను పైకో కిందకో లాగుతుంది, పౌడర్ పలుకులు గొట్టానికీ పాన్ అంచుకూ అంటుకుపోతాయి. కాటా దగ్గరకు చెయ్యి తెస్తేనే అంకె కదులుతోందంటే దీన్ని అనుమానించాలి. లోహపు పాన్ ఉంటే అది వాడండి. బట్టలు ఆరబెట్టే డ్రయర్‌లో వేసే యాంటీ స్టాటిక్ షీట్‌తో హాపర్, గొట్టం, పాన్ తుడవండి. గదిలో తేమ మరీ తగ్గిపోకుండా చూసుకోండి.

కరెంటు వైపు కూడా చూడాలి. మొబైల్ ఫోన్ కాటా పక్కన ఉంచకండి. పాత ట్యూబ్‌లైట్లు, చౌకరకం ఛార్జర్లు అదే ప్లగ్ బోర్డులో ఉంటే కొన్ని కాటాల అంకె ఏ కారణమూ లేకుండా ఎగురుతుంది. డిస్పెన్సర్‌ను వేరే సాకెట్‌కు మార్చి చూడండి. మార్పు కనిపిస్తే మంచి సర్జ్ ప్రొటెక్టర్, వైరు చుట్టూ ఒక ఫెరైట్ కోర్ పెట్టండి. ఇక బల్ల విషయం. ప్రెస్ (తూటాలు తయారుచేసే చేతి యంత్రం) బిగించిన బల్ల మీదే డిస్పెన్సర్ పెట్టుకుంటారు చాలామంది. ప్రెస్ హ్యాండిల్ లాగిన ప్రతిసారీ కాటా కదులుతుంది. వేరే గట్టి బల్ల, లేదా గోడకు బిగించిన అర మేలు. కాళ్లు సర్ది లెవెల్ చూసుకోండి. పాన్ కింది ప్లేట్ ఎత్తి చూడండి, అక్కడ నాలుగు పౌడర్ పలుకులు ఇరుక్కుని ఉంటే ప్లేట్ స్వేచ్ఛగా కదలదు. చాలాసార్లు అసలు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఇవన్నీ సరిచేశాక చెక్ వెయిట్ పరీక్ష మళ్లీ చేయండి. కాటా నిలబడింది, అయినా ఛార్జిలు ఎక్కువ పడుతున్నాయంటే అప్పుడు పోసే భాగం వైపు రండి.

పోసే భాగంలో వచ్చే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఎక్కువ పోసేయడం. మోటారు ఆగిన తర్వాత కూడా గొట్టం అంచు మీద ఉన్న పలుకులు ఒక గుంపుగా పాన్‌లో పడతాయి. పొడవాటి కడ్డీ పలుకులున్న పౌడర్లలో ఇది ఎక్కువ, గుండ్రటి బాల్ పౌడర్లలో తక్కువ. కడ్డీ పలుకులు ఒకదానికొకటి అడ్డం పడి, ఒక్కసారిగా విడిపోతాయి. వార్‌గెట్ అనే బ్రాండ్ లాంటి మధ్యరకం కడ్డీ పౌడర్‌లో ఒక్కో పలుకు సుమారు 0.02 గ్రెయిన్ ఉంటుంది. ఐదారు పలుకులు కలిసి పడితే 0.1 దాటిపోయినట్టే.

దీనికి షూటర్లలో పాతకాలం నుంచీ ఉన్న ఉపాయం స్ట్రా ముక్క. కూల్‌డ్రింక్ తాగే ప్లాస్టిక్ స్ట్రాను చిన్న ముక్కగా కోసి, గొట్టం మూతి లోపలికి కొద్దిగా బయటకు కనిపించేలా దూర్చండి. మూతి సన్నబడి లోపల చిన్న కట్ట ఏర్పడుతుంది, పలుకులు గుంపుగా కాకుండా ఒక్కొక్కటిగా జారుతాయి. ఛార్జి తీయడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది, ఎక్కువ పోయడం మాత్రం బాగా తగ్గుతుంది. స్ట్రా వదులుగా ఉండకూడదు. పాన్‌లోకి జారి పడితే తూకం అంతా తప్పు. కొత్త మోడళ్లలో తయారీదారులే ఇలాంటి సన్నని మూతి ఇస్తున్నారు, మీ దాంట్లో ఉందేమో చూడండి.

కొన్ని మెషీన్లలో వేగాలు మార్చుకోవచ్చు. మామూలుగా మొదట వేగంగా పోసి, లక్ష్యం దగ్గరపడ్డాక మధ్యస్థంగా, చివర్లో చాలా నెమ్మదిగా పోస్తాయి. వేగం మారే చోటును కొంచెం ముందుకు జరపండి. ఉదాహరణకు చివరి గ్రెయిన్‌కు నెమ్మదించే మెషీన్‌ను చివరి రెండు గ్రెయిన్లకు నెమ్మదించేలా పెట్టుకోవచ్చు. హాపర్ సగానికన్నా తగ్గకుండా చూసుకోండి. పౌడర్ మట్టం మారితే గొట్టంలోకి వచ్చే ప్రవాహం మారుతుంది. హాపర్ నింపాక మొదటి నాలుగైదు ఛార్జిలు తిరిగి హాపర్‌లోనే పోసేయండి, గొట్టం సమంగా నిండుతుంది. పాన్ పెట్టగానే తనంతట తాను పోసే ఆటో మోడ్ ఉంటే, సమస్య తేలేదాకా ఆపండి. ఆ మోడ్‌లో జీరో సరిచూసి సరిదిద్దుకునే వ్యవధి మీకు ఉండదు.

చేత్తో ట్రికిల్ చేసేవాళ్లకు, అంటే చివరి పౌడర్‌ను పలుకు పలుకుగా వేసేవాళ్లకు, ఒక హెచ్చరిక. చాలా ఎలక్ట్రానిక్ కాటాల్లో ఆటో జీరో అనే ఏర్పాటు ఉంటుంది. అతి నెమ్మదిగా వచ్చే మార్పును అవి డ్రిఫ్ట్ (జీరో దానంతటదే జరగడం) అనుకుని చెరిపేస్తాయి. ఒక్కో పలుకు వేస్తూ పోతే రెండు మూడు పలుకుల దాకా అంకె కదలకపోవచ్చు. ట్రికిల్ అయిపోయాక పాన్ ఒకసారి ఎత్తి మళ్లీ పెట్టి చదవండి. చివరి అంకెగా అదే తీసుకోండి.

ఇంత చేస్తే మంచి స్థితిలో ఉన్న మామూలు డిస్పెన్సర్ నుంచి ప్లస్ ఆర్ మైనస్ 0.1 గ్రెయిన్ ఆశించవచ్చు. చాలా కంపెనీలు మాట ఇచ్చేదీ అంతే. అది సరిపోతుందా అంటే మీరు ఎంత దూరం కాలుస్తారన్న దాని మీద ఉంటుంది. మీ ఛార్జి సైజు రైఫిల్ కార్ట్రిడ్జ్‌లో 0.1 గ్రెయిన్‌కు వేగం సుమారుగా సెకనుకు 5 నుంచి 7 అడుగులు మారుతుంది. మీరు చెప్పిన అర గ్రెయిన్ ఊగిసలాటకు 25 నుంచి 35 అడుగులు. 100 మీటర్లలో అది టార్గెట్ మీద కనిపించదు. 1000 గజాల దగ్గర నిలువునా సుమారు ఒక అడుగు దాకా తేడా తెస్తుంది. అంత దూరం కాల్చేవాళ్లు స్ట్రెయిన్ గేజ్‌ను వదిలి ఫోర్స్ రెస్టొరేషన్ కాటాలకు వెళ్తారు. వాటిలో బరువుకు దిమ్మ వంగడం ఉండదు. ఒక విద్యుదయస్కాంతం పాన్‌ను అదే స్థానంలో నిలబెడుతుంది, దానికి ఎంత కరెంటు కావాల్సి వచ్చిందో కాటా కొలుస్తుంది. ఏ అండ్ డీ ఎఫ్‌ఎక్స్-120ఐ ఈ రకమే, 1 మిల్లీగ్రాము దాకా చదువుతుంది. అంటే దాదాపు ఒక్క పలుకు. ఆటోట్రిక్లర్ లాంటి, పలుకు పలుకుగా తామే పోసే పరికరాలు దానికి జతచేసి వాడతారు. ఖరీదు చాలా ఎక్కువ. అది కొనకుండానే దగ్గరి ఫలితం కావాలంటే, మీ డిస్పెన్సర్‌ను 41.3కు పెట్టి, మిగిలిన 0.2ను పరీక్షలో నెగ్గిన మంచి కాటా మీద చేత్తో ట్రికిల్ చేసి ముగించండి. నెమ్మదైన పని, కానీ పోటీ తూటాలకు నేను ఇప్పటికీ ఇష్టపడే పద్ధతి.

క్రోనోగ్రాఫ్ గురించి కూడా ఒక మాట. వేగాల ఊగిసలాట మొత్తాన్నీ పౌడర్ మీద వేయకండి. కేస్ (పౌడర్ నిండే లోహపు గొట్టం) మెడ బిగువు, ప్రైమర్ (పౌడర్‌ను రాజేసే చిన్న మూత) కూర్చున్న లోతు, కేసుల లోపలి పరిమాణంలో తేడా అన్నీ అందులో కలిసి ఉంటాయి. ఐదు తూటాలు కాల్చి తీసిన స్టాండర్డ్ డీవియేషన్‌కు (వేగాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) పెద్దగా అర్థం లేదు. కనీసం ఇరవై కాల్చాక మాట్లాడుకోవచ్చు. పౌడర్‌ను రాత్రంతా హాపర్‌లో వదిలేస్తే అది గదిలో తేమను పీల్చుకుంటుంది, లేదా ఆరిపోతుంది. ఆరిన పౌడర్ వేగంగా మండుతుంది కాబట్టి తూకం ఒకటే ఉన్నా వేగం మారుతుంది. పైగా నైట్రోగ్లిజరిన్ ఉన్న డబుల్ బేస్ పౌడర్లు కొన్ని హాపర్ ప్లాస్టిక్‌ను తినేస్తాయి. పని కాగానే దాని అసలు డబ్బాలోకే తిరిగి పోయండి. బల్ల మీద ఎప్పుడూ ఒక్క రకం డబ్బానే ఉండాలి. హాపర్‌లో ఏముందో గుర్తులేకపోతే ఆ పౌడర్ వాడకూడదు, ఎంత ఖరీదైనదైనా సరే.

ఇక మీరు అడగకపోయినా నేను చెప్పి తీరాల్సింది. మీ 41.5 గ్రెయిన్లు ప్రచురించిన లోడ్ డేటాలోని (ఏ తూటాకు ఎంత పౌడర్ పోయవచ్చో చెప్పే పట్టిక) గరిష్ఠానికి ఎంత దగ్గరగా ఉంది? దగ్గరగా ఉంటే 41.8 అనేది నిలకడ సమస్య కాదు, చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే చోటు) ఒత్తిడి సమస్య. కాటా సంగతి తేలేదాకా ఆ లోడ్ ఆపి, మాన్యువల్‌లో ఇచ్చిన ప్రారంభ ఛార్జికి దిగండి. చాలా మాన్యువళ్లలో అది గరిష్ఠం కన్నా సుమారు 10 శాతం తక్కువ ఉంటుంది. పిస్టల్ ఛార్జిల్లో ఇది ఇంకా తీవ్రం. 4 గ్రెయిన్ల ఛార్జిలో 0.3 తేడా అంటే ఏడున్నర శాతం. అక్కడ జీరో కదిలిన కాటాను ఒక్క ఛార్జికి కూడా నమ్మకూడదు. కాటా గ్రెయిన్లలో ఉందా, గ్రాముల్లో ఉందా అన్నది ఆన్ చేసిన ప్రతిసారీ చూసుకోండి, ఒక బటన్ పొరపాటున తగిలితే మారిపోతుంది. బుల్లెట్ కూర్చోబెట్టే ముందు ట్రేలోని కేసులన్నిటిలోకీ టార్చి వేసి పౌడర్ మట్టం పోల్చండి. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఖాళీ చేసి మళ్లీ తూచండి.

ఈ అనుమానం ఉన్న రోజుల్లో మీరు ఇప్పటికే నింపిన తూటాలున్నాయా? గరిష్ఠానికి దగ్గరి లోడ్ అయితే వాటిని కాల్చకండి. బుల్లెట్ పుల్లర్‌తో విప్పండి. పూర్తయిన తూటాలను తూచి మంచీ చెడూ వేరు చేద్దామని అనిపిస్తుంది. కేసుల బరువుల్లో, బుల్లెట్ల బరువుల్లో ఉండే తేడాయే 0.3 గ్రెయిన్లను మించిపోతుంది కాబట్టి ఆ తూకం ఏమీ చెప్పదు. విప్పడం ఒక్కటే దారి.

చెక్ వెయిట్ పరీక్ష రెండు కాటాల మీదా చేసి, పదేసి అంకెలు ఇక్కడ రాయండి. పాన్ ఎత్తినప్పుడు వచ్చే మైనస్ అంకె పని మొదట్లో ఎంత, అరగంట తర్వాత ఎంత అన్నది కూడా రాయండి. ఏ పౌడర్ వాడుతున్నారో, గదిలో ఏసీ, ఫ్యాన్ ఎక్కడున్నాయో చెప్పండి. అవి చూస్తే లోపం కాటాలో ఉందో, గొట్టంలో ఉందో చెప్పగలను.